ఇంటిపనికి అందరూ చేయి వేసేలా చేసే యాప్: డిజైన్ నుంచి విడుదల దాకా సమగ్ర మార్గదర్శి

ఇంటి పనుల యాప్‌లు ప్లే స్టోర్‌లో చాలానే ఉన్నాయి. చాలావాటిది ఒకటే వరస: పనుల జాబితా, ప్రతి పనికీ కొన్ని పాయింట్లు, టైముకు మోగే రిమైండర్. మొదటి వారం ఇంటిల్లిపాదీ సరదాగా వాడతారు. తర్వాత దాన్ని తెరిచేది ఒక్కరే. ఆ ఒక్కరూ ఎవరంటే, యాప్ రాకముందు కూడా పనులన్నీ నెత్తిన వేసుకున్న మనిషే. ఇప్పుడు ఆవిడకు ఇంకో పని పెరిగింది: యాప్‌లో పనులు ఎక్కించడం, ఎవరు చేయలేదో చూసి గుర్తుచేయడం.

కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని మీద ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారు. 2019లో ఈ లెక్క 299, 97. ఐదేళ్ళలో ఇద్దరికీ కాస్త తగ్గింది కానీ మధ్యలో తేడా మాత్రం 200 నిమిషాల దగ్గరే ఉండిపోయింది. పైగా ఇది ఆ రోజు ఇంటిపని చేసినవాళ్ళ సగటు మాత్రమే. 2019 సర్వేలో ఇంటిపనిలో పాల్గొన్న మగవాళ్ళు వందకు 26 మందే.

అందుకే నా లెక్కలో ఈ యాప్ చేయాల్సిన పని ఒకటే. పనిని, దాంతోపాటు ఆ పనిని గుర్తుపెట్టుకునే బరువును కూడా, ఒకరి తలలోంచి తీసి ఇంకొకరి చేతిలో పూర్తిగా పెట్టాలి. ఉత్సాహం అక్కడి నుంచే పుడుతుంది. పాయింట్లు, బ్యాడ్జీలు దాని తర్వాతి మాట. కింది అడుగులన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

అడుగు 1: ఇళ్ళు చూడండి, మనుషుల్ని విడివిడిగా అడగండి

స్క్రీన్లు గీసే ఫిగ్మా తెరిచే ముందు నాలుగైదు ఇళ్ళతో మాట్లాడండి. అన్నీ ఒకే రకం ఇళ్ళు వద్దు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే, చిన్నపిల్లలున్న ఫ్లాటు ఒకటి. అత్తమామలు కూడా కలిసి ఉండే ఇల్లు ఒకటి. అమీర్‌పేటలోనో మాదాపూర్‌లోనో ముగ్గురు నలుగురు కుర్రాళ్ళు పంచుకునే రూము ఒకటి. పనికొచ్చే ఆవిడ లేకుండా అన్నీ తామే చేసుకునే అమెరికా తెలుగు ఇల్లు ఒకటి. చివరిదానికి వీడియో కాల్ సరిపోతుంది.

అందరినీ హాల్లో కూర్చోబెట్టి "మీ ఇంట్లో ఎవరు ఏం చేస్తారు?" అని అడగకండి. మొహమాటం అడ్డొస్తుంది, నిజం బయటికి రాదు. విడివిడిగా అడిగినా ఒక చిక్కుంది. మైకేల్ రాస్, ఫియోర్ సికోలీ 1979లో ప్రచురించిన పరిశోధనలో భార్యాభర్తలను వేర్వేరుగా మీ వాటా ఎంత అని అడిగారు. ఎక్కువ జంటల్లో రెండు వాటాలూ కలిపితే మొత్తాన్ని దాటిపోయాయి. వాళ్ళు అబద్ధం చెప్పారని కాదు. ఎవరు చేసింది వాళ్ళకు బాగా గుర్తుంటుంది, అవతలివాళ్ళు చేసింది కంటికి ఆనదు. మీ యాప్ తీర్చాల్సిన మొదటి కొరత ఇదే, రాసిపెట్టుకోండి.

కాబట్టి "మామూలుగా" ఏం చేస్తారని కాకుండా, నిన్న సాయంత్రం ఇంటికొచ్చినప్పటి నుంచి ఈ ఉదయం దాకా ఏమేం చేశారో వరసగా చెప్పించండి. ప్రతి పని పక్కన ఇంకో ప్రశ్న వేయండి: "ఇది చేయాలని ముందు ఎవరికి గుర్తొచ్చింది?"

ఈ ప్రశ్నతో ఇల్లు కొత్తగా కనిపిస్తుంది. గ్యాస్ బండ సంగతే తీసుకోండి. మంట తగ్గుతోందని గమనించడం, బుక్ చేయడం, డెలివరీ రోజు ఇంట్లో ఎవరుంటారో చూసుకోవడం, ఓటీపీ దగ్గర పెట్టుకోవడం, ఖాళీ బండ బయట పెట్టడం, రెగ్యులేటర్ మార్చడం. చివరి పని చేసినాయన "గ్యాస్ సంగతి నేనే చూసుకుంటాను" అంటాడు. మిగతా ఐదూ ఎవరి లెక్కలోనూ ఉండవు. అలిసన్ డామింజర్ అనే సామాజికశాస్త్రవేత్త 2019లో ఈ కనపడని పనిని నాలుగు ముక్కలుగా విడదీసి చూపించారు: అవసరాన్ని ముందే పసిగట్టడం, మార్గాలు వెతకడం, నిర్ణయించడం, అయిందో లేదో చూసుకోవడం. ఆమె మాట్లాడిన జంటల్లో నిర్ణయాలు ఇద్దరూ కలిసి తీసుకున్నా, పసిగట్టడం, చూసుకోవడం మాత్రం ఎక్కువగా ఆడవాళ్ళ మీదే పడ్డాయి.

అడుగు 2: "పని"ని కాదు, బాధ్యతను యూనిట్‌గా పెట్టండి

డిజైన్‌లో అన్నిటికంటే బరువైన నిర్ణయం ఇదే. ఇక్కడ తొందరపడొద్దు.

రేపు పొద్దున ఇడ్లీ అనుకుందాం. మామూలు యాప్‌లో అది మూడు పనులు: పప్పు నానబెట్టడం, రుబ్బడం, ఇడ్లీ వేయడం. మూడింటికీ మూడు టిక్కులు, ముగ్గురికి పంచొచ్చు. వినడానికి న్యాయంగానే ఉంటుంది, నడవదు. మినప్పప్పు నాలుగైదు గంటలు నానాలి. ఇడ్లీ రవ్వ విడిగా కడిగి, నానబెట్టి, నీళ్ళు పిండేసి, రుబ్బిన పప్పులో కలపాలి. రాత్రంతా పులవాలి, చలికాలమైతే ఇంకాస్త సేపు. మధ్యాహ్నం ఎవరూ పప్పు నానబెట్టకపోతే సాయంత్రం మిక్సీ దగ్గర నిలబడ్డ మనిషి ఎంత హుషారుగా ఉన్నా లాభం లేదు. ఆ ముగ్గురి మీదా ఒక కన్నేసి ఉంచే నాలుగో మనిషి కావాలి. ఆ నాలుగో మనిషి ఎవరో మీకు తెలుసు.

మీ యాప్‌లో "ఇడ్లీ పిండి" మొత్తం ఒకటే బాధ్యతగా ఉండాలి. ఒకరే యజమాని. నానబెట్టడం నుంచి పిండి గిన్నె మూత పెట్టడం దాకా అతనిదే లేదా ఆమెదే. మినప్పప్పు అయిపోతోందని చూసుకోవడం కూడా అందులోకే వస్తుంది. మధ్యలో ఎవరి సాయమైనా అడగొచ్చు కానీ గుర్తుపెట్టుకునే మనిషి మారకూడదు.

ప్రతి బాధ్యతకూ మూడు గడులు చాలు. ఎవరిది, ఎప్పుడు కదలాలి, ఎంత చేస్తే అయినట్టు. మూడో గడిని చాలామంది వదిలేస్తారు, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. గిన్నెలు తోమడమంటే ఒకరికి గిన్నెలు తోమి బోర్లించడం. ఇంకొకరికి సింకులో మెతుకులు తీసి, గట్టు తుడిచి, పీచు పిండి పెట్టేదాకా ఆ పని అయినట్టు కాదు. ఈ గడి నింపేది యాప్ కాదు, ఇంట్లోవాళ్ళు. బాధ్యత చేతులు మారేటప్పుడు పాత యజమాని, కొత్త యజమాని కలిసి రెండు వాక్యాల్లో రాసుకునేలా స్క్రీన్ పెట్టండి. ఆ రెండు వాక్యాలకు ఇద్దరూ ఒప్పుకున్నాక, చేసే పద్ధతిలో వేలు పెట్టే హక్కు ఎవరికీ ఉండకూడదు.

అడుగు 3: పని ఎప్పుడు కదులుతుందో సరిగ్గా పట్టుకోండి

"రోజూ సాయంత్రం 6కి" అనే ఒక్క పద్ధతితో తెలుగిల్లు నడవదు. కనీసం నాలుగు రకాల కదలికలు కావాలి.

కొన్ని గడియారం ప్రకారం నడుస్తాయి. పాలు కాచడం, పిల్లల టిఫిన్ డబ్బా అలాంటివి. కొన్ని వారాన్ని బట్టి: శుక్రవారం ముందు దేవుడి సామాన్లు తోమడం, ఆదివారం రైతుబజారు. వీటిలో కొత్తగా చెప్పేదేమీ లేదు, ఏ క్యాలెండరైనా చేసిపెడుతుంది.

మూడో రకం స్థితిని బట్టి. బాత్‌రూమ్ కడగడానికి తారీఖు ఉండదు, మురికిని బట్టి ఉంటుంది. టోడీ అనే యాప్ ఈ సంగతి బాగా పట్టుకుంది. ఫలానా తేదీకి గడువు దాటిందని కసరకుండా, ఒక గీత ఆకుపచ్చ నుంచి ఎరుపు వైపు మెల్లగా జరుగుతూ ఉంటుంది. చూసిన మనిషికి ఏది ముందో అర్థమవుతుంది, తప్పు చేశానన్న భావం రాదు. మీరూ ఈ దారే పట్టండి. బియ్యం డబ్బా, సర్ఫ్, మంచినూనె లాంటివన్నీ ఇందులోకే వస్తాయి.

నాలుగోది సంఘటన. విదేశీ యాప్‌లలో మనకు దొరకనిది ఇదే. హైదరాబాద్‌లో చాలా ఏరియాల్లో మంచినీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, ఆ టైము కూడా ఒక్కోసారి అటూ ఇటూ అవుతుంది. చెత్త బండి పాట వినిపిస్తేనే తెలుస్తుంది. పనికొచ్చే ఆవిడ ఈరోజు రావట్లేదని పొద్దున ఏడింటికి ఫోన్ వస్తుంది. వీటికి అలారం పెట్టలేం. మొదటి స్క్రీన్ మీదే మూడు పెద్ద బటన్లు పెట్టండి: "నీళ్ళొచ్చాయి", "చెత్త బండి వచ్చింది", "ఈరోజు పనికి రావట్లేదు". ముందు ఎవరికి తెలిస్తే వాళ్ళు నొక్కుతారు, ఆ బాధ్యత ఎవరిదో వాళ్ళ ఫోన్ మోగుతుంది. మూడోది నొక్కితే ఆ రోజుకు గిన్నెలు, ఊడ్చడం, తడిబట్ట పెట్టడం ఎవరెవరికి వెళ్ళాలో ముందే అనుకున్న ఏర్పాటు దానంతటదే తెరుచుకోవాలి. లేకపోతే ఆ మూడు పనులూ ఎవరి మీద పడతాయో చెప్పనక్కర్లేదు.

ఆ మూడో బటన్‌ను హాజరు పట్టీగా మాత్రం మార్చకండి. నెలకు ఎన్నిసార్లు రాలేదో లెక్కగట్టే స్క్రీన్ పెడితే, ఈ యాప్‌లో ఖాతా కూడా లేని మనిషి జీతం కోతకు మీ డిజైన్ ఆయుధమవుతుంది. ఆ లెక్క నిలవ ఉంచకండి, ఆ రోజు గడవగానే తుడిచేయండి.

అడుగు 4: ఉత్సాహం ఎక్కడి నుంచి వస్తుందో చూసి, అప్పుడు ఆట కట్టండి

స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే బి.జె. ఫాగ్ 2009లో చెప్పిన నమూనా డిజైనర్లకు బాగా పనికొస్తుంది. ఏ పనైనా జరగాలంటే కోరిక, సులువు, గుర్తుచేసే సైగ ఈ మూడూ ఒకే క్షణంలో కలవాలి. కోరిక పెంచడం కష్టం, సులువు పెంచడం తేలిక. కాబట్టి ముందు సులువు మీద పడండి. "అల్మారా సర్దు" అంటే ఎవరూ కదలరు. "పై అర ఒక్కటి, పది నిమిషాలు" అంటే కదులుతారు.

ఇక బహుమతుల సంగతి. మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ 1973లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. బొమ్మలు గీయడమంటే ఇష్టపడే నర్సరీ పిల్లల్లో కొందరికి, గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. కొద్దిరోజుల తర్వాత చూస్తే, ముందే ఆశ పెట్టిన పిల్లలు మిగతావాళ్ళకంటే బాగా తక్కువసేపు గీశారు. చెప్పకుండా ఇచ్చినవాళ్ళలో ఆ తగ్గుదల లేదు.

దీన్ని పట్టుకుని "బహుమతులు వద్దు" అనేస్తారు చాలామంది. ఆగండి. ఆ పిల్లలకు బొమ్మలు గీయడం ముందే ఇష్టం. అంట్లు తోమడం ఎవరికి ఇష్టం? ఇష్టం లేని పని గురించి ఎడ్వర్డ్ డెసీ బృందం 1994లో చేసిన పరిశోధన మనకు దీనికన్నా దగ్గర. విసుగు పుట్టించే పనిని మనుషులు మనసుకు తీసుకోవాలంటే మూడు కావాలని అందులో తేలింది: ఎందుకు చేయాలో చెప్పడం, అది విసుగేనని ఒప్పుకోవడం, ఎంచుకునే వీలివ్వడం.

ఈ మూడింటినీ నేరుగా స్క్రీన్ల మీదికి తీసుకురావచ్చు. ఎందుకు అన్నది ఇంట్లోవాళ్ళ మాటల్లోనే రాయించండి. "నీళ్ళ డ్రమ్ము నింపకపోతే నానమ్మ పొద్దున్నే బకెట్ మోయాల్సి వస్తుంది" అన్న ఒక్క వాక్యం యాభై పాయింట్లకంటే బాగా కదిలిస్తుంది. విసుగును ఒప్పుకోవడమంటే అంట్లను రాక్షసుడిగా, స్క్రబ్బర్‌ను కత్తిగా చూపించకుండా ఉండటం. "పెద్ద పనే, ఇరవై నిమిషాలు పడుతుంది" అని నిజం చెప్పండి. ఎంచుకునే వీలంటే ప్రతి బాధ్యత కింద "మార్చుకుందాం" బటన్. ఈ వారం నీ బట్టలు మడతపెట్టడం నాకు, నా బాత్‌రూమ్ నీకు. ఈ బేరాలు సాగే ఇంట్లో యాప్ బతుకుతుంది.

పాయింట్ల పట్టిక సంగతికొస్తే, 2007లో వచ్చిన చోర్ వార్స్ ఇంటిపనిని, 2013లో మొదలైన హ్యాబిటికా రోజువారీ పనులన్నిటినీ వీరుల ఆటగా మార్చాయి. రూమ్మేట్ల దగ్గర ఈ పద్ధతి పనిచేస్తుంది, ఎందుకంటే అందరూ సమానులే, పోటీ సరదాగా ఉంటుంది. కుటుంబంలో పెట్టొద్దని నా గట్టి అభిప్రాయం. అమ్మ ఎప్పుడూ మొదటి స్థానంలోనే ఉంటుంది, ఆ గెలుపు ఆవిడకు అక్కర్లేదు. చివర ఉన్నవాడు రెండో వారానికి యాప్ తీసేస్తాడు. పోటీ బదులు ఇంటి మొత్తానికి ఒకే లక్ష్యం పెట్టండి. ఈ నెల అందరి బాధ్యతలూ నడిస్తే చివరి ఆదివారం వంటింటికి సెలవు, బయట భోజనం.

జరిమానా అసలు వద్దు. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్ళే తల్లిదండ్రులకు డేకేర్లలో జరిమానా పెట్టి చూశారు. ఉరి నీజీ, ఆల్డో రుస్టికీనీ 2000లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఆలస్యాలు తగ్గకపోగా పెరిగాయి. డబ్బు కట్టేశాక తప్పు చేస్తున్నామన్న బెరుకు పోయింది. ఇంట్లో "తోమకపోతే ఇరవై రూపాయలు" అని పెడితే, ఇరవై రూపాయలకు అంట్లు ఇంకొకరితో తోమించుకునే వీలు అమ్మినట్టే.

మొదలుపెట్టించడానికి ఒక చిట్కా ఉంది. జోసెఫ్ నూన్స్, జేవియర్ డ్రేజ్ 2006లో ప్రచురించిన కార్ వాష్ ప్రయోగంలో కొందరికి 8 ముద్రల ఖాళీ కార్డు, కొందరికి ముందే రెండు ముద్రలు వేసిన 10 ముద్రల కార్డు ఇచ్చారు. మిగిలిన పని ఇద్దరికీ ఒకటే. ఖాళీ కార్డువాళ్ళు 19 శాతం పూర్తిచేస్తే, రెండోవాళ్ళు 34 శాతం. సంక్రాంతి ముందు ఇల్లు దులపడం లాంటి పెద్ద జాబితాకు దీన్ని వాడండి. పాత పేపర్లు ఇచ్చేయడం, బూజు కర్ర బయటికి తీయడం లాంటి నిజంగా అయిపోయిన చిన్న పనులతో, ఎంత అయిందో చూపే గీతను కొంత నింపి మొదలుపెట్టండి. అవ్వని పనిని అయినట్టు మాత్రం చూపించకండి.

వరస తెగకుండా ఎన్ని రోజులు చేశారో లెక్కించే పద్ధతి కూడా ఇంటికి నప్పదు. జ్వరం వస్తుంది, ఊరెళ్తారు, పెళ్ళి తగులుతుంది. ఒక్కరోజు తప్పితే సున్నాకు పడిపోయే లెక్క మనిషిని నీరుగారుస్తుంది. "ఈ నెలలో 22 రోజులు" అని చూపిస్తే చాలు.

ఒక్క బటన్ మాత్రం అందంగా, తీరిగ్గా డిజైన్ చేయండి: "చూశాను, థ్యాంక్స్". అయిన పని పక్కన అది కనిపించాలి. నొక్కితే చేసినవాళ్ళకు ఎవరు చూశారో తెలియాలి. చేసిన పనిని ఎవరూ చూడకపోవడమే ఇంటిపనిలో అసలు నీరసం.

అడుగు 5: స్క్రీన్లు, భాష

మొదటి స్క్రీన్‌లో ఈరోజు నా బాధ్యతలు, పైన సంఘటన బటన్లు. రెండో స్క్రీన్‌లో ఇల్లు మొత్తం, ఎవరి చేతిలో ఏముందో. మూడోది మార్పిడి. ఇంతకు మించి మొదటి వెర్షన్‌లో వద్దు.

తెలుగులో చేస్తున్నప్పుడు రెండు సంగతులు. ఇంగ్లీషుకు పెట్టిన లైన్ ఎత్తు తెలుగుకు చాలదు, కింది వత్తులు తెగిపోతాయి. నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంటు పెట్టి, లైన్ ఎత్తు పెంచి, "కొత్తిమీర కట్టలు", "స్త్రీల వార్డ్‌రోబ్" లాంటి మాటలతో చవక ఫోన్ మీద పరీక్షించండి. బటన్ వెడల్పు గట్టిగా బిగించకండి, మన క్రియాపదాలు పొడుగు. రెండోది పలకరింపు. పన్నెండేళ్ళ పిల్లాడికి "మొక్కలకు నీళ్ళు పోశావా?" బాగుంటుంది, అదే మెసేజ్ తాతగారికి వెళ్తే ఆయన యాప్ మూసేస్తారు. సభ్యుణ్ణి చేర్చేటప్పుడే నువ్వు అనాలా, మీరు అనాలా అని అడిగి, ప్రతి వాక్యానికీ రెండు రూపాలూ రాసిపెట్టుకోండి. చదవడం కష్టమైన పెద్దవాళ్ళకు గొంతుతో చెప్పే బటన్, ఒకే ఫోన్‌లో ఇద్దరి పేర్లు మార్చుకునే వీలు తప్పనిసరి.

ఫొటో తీసి రుజువు పంపే ఏర్పాటు పెట్టకండి. అది అనుమానానికి గుర్తు.

అడుగు 6: నోటిఫికేషన్లు

గుర్తుచేసే పని అమ్మ నోటి నుంచి యాప్‌కు మారాలి. అందుకని రిమైండర్ యజమానికి మాత్రమే వెళ్ళాలి, మిగతావాళ్ళ ఫోన్ మోగకూడదు. తప్పిపోతే ఇంటికంతా చాటింపు వేయకుండా ఆ మనిషినే అడగండి: "ఇప్పుడు చేస్తారా, ఎవరితోనైనా మార్చుకుంటారా, ఈ రోజుకు వదిలేద్దామా?" వదిలేయడం కూడా గౌరవంగా ఎంచుకునే దారిగా ఉండాలి.

ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకు వాడేవాళ్ళ అనుమతి కావాలి. యాప్ తెరవగానే అడిగితే చాలామంది వద్దంటారు. మొదటి బాధ్యత తీసుకున్న క్షణంలో అడగండి, అప్పుడు ఎందుకో వాళ్ళకే అర్థమవుతుంది. కొన్ని ఫోన్లు బ్యాటరీ కోసం వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తాయి, కాబట్టి ఫోన్‌లోని అలారం ఒక్కదాన్నే నమ్ముకోకుండా సర్వర్ నుంచి కూడా పంపండి.

అడుగు 7: కోడ్ కంటే ముందు కాగితం, తర్వాతే యాప్

ఫ్రిజ్ మీద ఒక కాగితం, ఒక వాట్సాప్ గ్రూపుతో రెండు మూడు ఇళ్ళలో రెండు వారాలు నడిపించండి. యాప్ పంపాల్సిన మెసేజ్‌లు మీరే చేత్తో పంపండి. ఏ మాటకు జవాబొస్తుందో, ఏ మాటకు కోపమొస్తుందో ఇక్కడ తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు.

తర్వాత ఫ్లటర్ (ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటికీ యాప్ కట్టే సాధనం), ఫైర్‌బేస్ (డేటా, సర్వర్ పనులు చూసుకునే గూగుల్ సేవ) జోడీతో ఒకరిద్దరు కూడా కట్టేయొచ్చు. డేటా నాలుగు ముక్కలు: ఇల్లు, సభ్యులు, బాధ్యతలు, జరిగినవాటి చిట్టా. చిట్టాలో ఏదీ చెరపకండి, కొత్త వరస చేరుస్తూ పోండి. పొరపాటున నొక్కినా "వెనక్కి తీసుకున్నారు" అని ఇంకో వరస చేరుతుంది. సంఘటన బటన్లది మాత్రం ఇందులో కలపకండి, అది ఆ రోజుతో పోవాలి. నీళ్ళు ఇద్దరూ పట్టి ఇద్దరూ "అయింది" నొక్కితే ఇద్దరి పేర్లూ ఉండనివ్వండి. ఫైర్‌బేస్‌లోని డేటాబేస్ ఫైర్‌స్టోర్, మొబైల్‌లో నెట్ లేనప్పుడు కూడా రాసుకుని తర్వాత సర్దుతుంది, లిఫ్టులోనో సెల్లార్‌లోనో నొక్కినా పోదు.

పిల్లల విషయంలో జాగ్రత్త. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళ లోపువారి డేటాకు తల్లిదండ్రుల అనుమతి కావాలి, వాళ్ళ ప్రవర్తనను వెంబడించకూడదు. పిల్లలకు ఫోన్ నంబరు, ఈమెయిల్ అడగకుండా తల్లిదండ్రుల ఖాతా కింద ఒక పేరు, ఒక బొమ్మతో ప్రొఫైల్ ఇవ్వండి. ప్రకటనలు పెట్టకండి.

అడుగు 8: ఏది కొలవాలి

రోజుకు ఎంతమంది తెరిచారు, ఎంతసేపు ఉన్నారు అన్న అంకెలు ఇక్కడ దారి తప్పిస్తాయి. యాప్‌లో ఎక్కువసేపు ఉండేది ఎక్కువ మోస్తున్న మనిషే. మూడు చూడండి. వారంలో కనీసం ఒక బాధ్యతను మొదలు నుంచి చివరిదాకా నడిపినవాళ్ళు ఇంట్లో ఎంతమంది? మొదటి రోజు ఒకరి పేరు మీదున్న బాధ్యతల్లో ఆరు వారాల తర్వాత ఎన్ని ఇంకొకరి చేతికి వెళ్ళాయి? రిమైండర్ రాకముందే అయిపోయిన పనులు పెరుగుతున్నాయా? మూడోది పెరిగితే యాప్ వాడకం తగ్గుతుంది. పెట్టుబడి పెట్టినవాళ్ళు కంగారుపడొచ్చు, మీరు పడకండి.

ఈ మూడూ కదలకుండా, పనులు ఎక్కించేది మాత్రం ఒక్కరేనని చిట్టాలో కనిపిస్తే, కొత్త ఫీచర్లు చేర్చడం ఆపి ఆ ఇంటికి ఫోన్ చేసి మాట్లాడండి. ముందు, యాప్ తీసేసిన మనిషితో. మొదటి విడుదలలో ఇంటికి ఐదు బాధ్యతలకు మించి ఎక్కించనివ్వకండి. ఆ ఐదింటిలో కనీసం రెండు, ఇప్పటిదాకా ఎప్పుడూ ఆ పని చేయని మనిషి పేరు మీద ఉంటేనే "మొదలుపెట్టు" బటన్ వెలగాలి.